కాంక్రీటు పడకముందు: హన్మకొండ ఇంజినీరు జ్ఞాపకాలు

మా హన్మకొండ వైపు ఇల్లు కట్టాలనుకున్నవాళ్ళు ముందు వాస్తు చూసే పంతులు దగ్గరికి పోతారు, తర్వాత మేస్త్రిని మాట్లాడుకుంటారు. ఇంజినీరు గుర్తొచ్చేది మున్సిపాలిటీలో ప్లాన్ పెట్టాలన్నప్పుడు. "సారూ, జర దీని మీద సంతకం పెడితే పోతం" అంటూ వస్తారు. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో విన్న ఈ మాటే ఇప్పటికీ వింటున్నాను. ఈ మధ్య మా అక్క మనవడు బీటెక్ సివిల్ పూర్తి చేసి వచ్చి, "తాతా, లైసెన్సుకు ఏమేం కాగితాలు కావాలె?" అని అడిగాడు. కాగితాల సంగతి అక్కడే నిలబడి చెప్పేశాను. ఆ సంతకం వెనక ఏముంటుందో చెప్పబోతే మాత్రం పాత రోజులన్నీ తోసుకుంటూ వచ్చాయి. వాడికి చెప్పినవి, చెప్పకుండా మిగిలిపోయినవి ఇక్కడ రాస్తున్నాను.

మాది పరకాల దగ్గర పల్లె. నల్లరేగడి భూములు, పత్తి, మిరప. మా చిన్నతనంలో ఊరి పొలిమేరలో ఎరుపు తెలుపు పట్టీల కర్రలు పట్టుకుని కొందరు తిరిగేవారు. "పోచంపాడు కాలువ వస్తదట, కొలుస్తున్నరు" అని పెద్దవాళ్ళు చెప్పుకునేవారు. 1963 జులై 26న నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు అది. తర్వాత శ్రీరాంసాగర్ అయింది. గోదావరి నీళ్ళు కరీంనగర్ దాటి మా దాకా వస్తాయన్న మాట మా నాన్నకు నమ్మకమూ కాదు, అపనమ్మకమూ కాదు. బావిలో మోటతో తోడిన నీళ్ళ మీద బతికిన మనిషి. కానీ ఆ కొలిచేవాళ్ళలో ఒకాయన మూడు కాళ్ళ దుర్భిణి లాంటి దాంట్లో నుంచి నన్ను చూడనిచ్చాడు. దూరంగా కర్ర మీది అంకెలు కళ్ళ ముందుకొచ్చాయి. సివిల్ చదవాలన్న కోరిక అప్పుడే పుట్టింది.

పదో తరగతి తర్వాత వరంగల్ ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో డిప్లొమా సీటు వచ్చింది. 80ల మొదటి రోజులు. హాస్టల్లో ఒక గదిలో ఇరుక్కుని ఉండేవాళ్ళం. డ్రాయింగ్ బోర్డు, టీ స్క్వేర్ చంకన పెట్టుకుని బస్సెక్కితే కండక్టరు విసుక్కునేవాడు. కాజీపేట వైపు పోయే బస్సు ఆర్ఈసీ ముందు నుంచి వెళ్ళేది. 1959లో నెహ్రూ పునాదిరాయి వేసిన కాలేజీ, దేశంలోని ప్రాంతీయ ఇంజినీరింగ్ కాలేజీల్లో మొదటిది. 2002లో ఎన్ఐటీ అయింది. ఆ గేటు దగ్గర బస్సు ఆగినప్పుడల్లా మా డిప్లొమా పిల్లలందరి చూపులూ అటే తిరిగేవి.

మా సర్వే లెక్చరర్ ఒకే విషయం మీద పట్టుబట్టేవారు. లెవెల్స్, అంటే నేల ఎత్తుపల్లాల కొలతలు, తీసుకుంటూ ఎంత దూరం పోయినా సరే, మళ్ళీ మొదలుపెట్టిన బెంచ్ మార్కు (ఎత్తు ముందే తెలిసిన గుర్తు) దగ్గరికే వచ్చి లెక్క ముగించాలి. కలవకపోతే మళ్ళీ మొదటి నుంచి. సాయంత్రమైనా, వాన వస్తున్నా ఆయన కదిలేవారు కాదు. "అంకెను దిద్దితే కాగితం ఒప్పుకుంటది, నీళ్ళు ఒప్పుకోవు" అనేవారు. అప్పుడు మాకు ఆయన మీద కోపంగా ఉండేది.

ఆ మాట అర్థం కావడానికి కాలువ పని దాకా పోవాల్సి వచ్చింది. డిప్లొమా అయ్యాక ఒక కాంట్రాక్టరు దగ్గర సైట్ సూపర్‌వైజరుగా చేరాను. శ్రీరాంసాగర్ నుంచి వచ్చే కాకతీయ కాలువ కింది డిస్ట్రిబ్యూటరీ (పిల్లకాలువ) పనులు. పెద్ద కాలువలకు కిలోమీటరు పొడవున కొన్ని అంగుళాల వాలే ఉంటుంది. చిన్న కాలువలకు కొంచెం ఎక్కువ. ఆ కాస్త వాలు మీదనే వందల ఎకరాల బతుకు ఆధారపడి ఉంటుంది. ఎక్కడైనా అడుగు భాగం నాలుగు వేళ్ళు లేస్తే నీళ్ళు అక్కడ నిలిచిపోతాయి. చివరి తూములకు చేరవు. ఎండ ముదిరాక మట్టం చూసే డంపీ లెవెల్లో నుంచి చూస్తే నేల మీది వేడిగాలికి స్టాఫ్ (అంకెల కర్ర) మీది అంకెలు వణుకుతూ కనబడేవి. అందుకని తెల్లవారకముందే పనిలోకి దిగేవాళ్ళం. స్టాఫ్ పట్టుకునే కుర్రాడు దాన్ని నిట్టనిలువుగా పట్టాలి, ఏమాత్రం ఒరిగినా రీడింగ్ పెరుగుతుంది. వాడిని ముందుకూ వెనక్కూ మెల్లగా ఊపమని, అందులో అన్నిటికన్నా తక్కువ వచ్చిన అంకెను రాసుకునేవాడిని.

కాలువ చివర పొలమున్న రైతులు గట్టు మీద కూర్చుని మమ్మల్నే చూసేవారు. బీడీ వెలిగించుకుని, "సారూ, నిజం జెప్పు. నీళ్ళు మా దాక వస్తయా?" అని అడిగేవారు. ఇరవై ఏళ్ళ వయసున్న నన్ను మా నాన్న ఈడువాళ్ళు అడిగే ప్రశ్న అది. లెక్చరర్ మాట నాకు అప్పుడు అర్థమైంది. సాయంత్రం ఎంత అలసిపోయినా బెంచ్ మార్కు దగ్గరికి తిరిగి వచ్చి లెక్క కలిపాకే గుడారానికి పోయేవాడిని.

డిప్లొమాతో సూపర్‌వైజరు దాకా పోవచ్చు. సొంతంగా డిజైన్ చేసి సంతకం పెట్టాలంటే డిగ్రీ కావాలి. ఉద్యోగం మానేసి చదివే స్తోమత ఇంట్లో లేదు. అలాంటివాళ్ళందరికీ అప్పట్లో ఉన్న దారి ఏఎంఐఈ. ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజినీర్స్ 1920లో మొదలై 1935లో రాయల్ చార్టర్ పొందిన సంస్థ. దాని పరీక్షలు సెక్షన్ ఏ, సెక్షన్ బీ రెండూ పాసైతే ఇంజినీరింగ్ డిగ్రీతో సమానంగా లెక్కపెట్టేవారు. క్లాసులు లేవు, చెప్పేవాళ్ళు లేరు. పుస్తకాలు కోఠీలో సెకండ్ హ్యాండ్‌వి. పగలు సైట్, రాత్రి లాంతరు. పరీక్షకు కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ పోయి, దూరపు చుట్టం ఇంట్లో పడుకుని, రాసి, మళ్ళీ రాత్రి బండికే వచ్చేవాడిని. నాతోపాటు మొదలుపెట్టినవాళ్ళు చాలామంది మధ్యలో ఆపేశారు. వాళ్ళ తెలివికి లోటు లేదు. పిల్లలు, అప్పులు, అమ్మానాన్నల ఆరోగ్యాలు. నాకు మా ఆవిడ తోడుంది. పెళ్ళయిన కొత్తలో ఆమె నా పరీక్షల తారీఖులు నాకన్నా బాగా గుర్తుపెట్టుకునేది. సెక్షన్ బీ ఫలితం పోస్టులో వచ్చినరోజు నేను సైట్‌లో ఉంటే, ఆ కవరు పట్టుకుని బస్సెక్కి సైట్‌కే వచ్చింది.

1994లో వరంగల్ మున్సిపాలిటీ కార్పొరేషన్ అయింది. ఆ తర్వాత కొద్దికాలానికే నేను టౌన్ ప్లానింగ్ విభాగంలో లైసెన్సుకు దరఖాస్తు చేశాను. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, ఎందుకంటే ఇప్పటి పిల్లల్లో చాలామందికి ఇది తెలియదు. వకీళ్ళకు 1961 నుంచి దేశమంతటికీ వర్తించే చట్టం ఉంది. ఆర్కిటెక్టులకు 1972లో వచ్చింది. ఇంజినీర్లకు నేను లైసెన్సు తీసుకున్ననాటికి అలాంటిదేమీ లేదు. మున్సిపాలిటీనో, పట్టణాభివృద్ధి సంస్థనో తన పరిధిలో పనిచేయడానికి ఇచ్చే లైసెన్సే మాకు ఆధారం. గడువు తీరితే రెన్యువల్ చేయించుకోవాలి. పక్క పట్టణంలో పని చేయాలంటే అక్కడ మళ్ళీ పేరు నమోదు చేయించుకోవాలి. ఇంతమంది ప్రాణాలు ఆధారపడే వృత్తికి అంత బలహీనమైన పునాది ఉండటం నాకు ఎప్పుడూ బాధగానే ఉంది. డాక్టరు చేతిలో ఒక్కసారికి ఒక్క రోగి ఉంటాడు. మా చేతిలో ఒక ఇంటిల్లిపాది, కొన్నిసార్లు ఒక బడి ఉంటుంది.

రబ్బరు స్టాంపు చేయించుకుని హన్మకొండ చౌరస్తాకు దగ్గర్లో ఒక చిన్న గది అద్దెకు తీసుకున్నాను. కిటికీ పక్కన డ్రాయింగ్ టేబుల్, దాని మీద మినీ డ్రాఫ్టర్. ట్రేసింగ్ పేపరు మీద ఇంకు పెన్నుతో గీసి అమ్మోనియా ప్రింట్లు తీయించేవాడిని. ప్రింట్లు తెచ్చిన రోజు గదంతా ఆ ఘాటు వాసనే. కాంక్రీటు పనికి కోడ్ అయిన ఐఎస్ 456 పుస్తకం, డిజైన్ లెక్కలకు ఎస్పీ 16 చార్టులు, ఒక క్యాలిక్యులేటరు. నా ఆస్తి అంతే.

వచ్చేవాళ్ళలో టీచర్లు, ఆర్టీసీ డ్రైవర్లు, సింగరేణిలో రిటైరై భూపాలపల్లి, గోదావరిఖని నుంచి హన్మకొండలో స్థిరపడదామని వచ్చేవాళ్ళు ఎక్కువ. కరీంనగర్ వైపు నుంచి దుబాయ్ పైసలతో ఇల్లు కట్టే కుటుంబాలు కొన్ని. వాళ్ళ ఇంటి మగమనిషి అక్కడ ఎండలో పని చేస్తుంటే, ఇక్కడ భార్య ఒక్కతే మేస్త్రితో, సిమెంటు కొట్టు అతనితో మాట్లాడుకుంటూ ఇల్లు కట్టించేది. అలాంటి ఇళ్ళకు నన్ను పిలవకపోయినా పోయేవాడిని. ఆమెకు సలాక (ఇనుప కడ్డీ) గురించి తెలియదని అవతలివాళ్ళకు తెలుసు కాబట్టి. దుకాణం నుంచి సలాకలు దిగగానే ఒక ముక్క కోయించి తూకం వేయించేవాడిని. వ్యాసాన్ని మిల్లీమీటర్లలో వర్గం చేసి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 12 ఎం.ఎం. సలాక మీటరుకు దాదాపు 890 గ్రాములు తూగాలి. బాగా తక్కువ తూగితే బండి వెనక్కి పోయేది. ఆ లెక్కను ఒకామెకు నేర్పితే, తర్వాత ఆమె తన చెల్లెలు ఇంటికి పోయి అక్కడ సలాక తూకం వేయించిందని తెలిసి ఎంత సంతోషించానో.

నా అసలు చదువు మాత్రం ఒక ముసలి సుతారి (తాపీ మేస్త్రి) దగ్గర జరిగింది. మేమంతా ఆయన్ను తాత అనేవాళ్ళం. చదువు లేదు, వేలిముద్రే. ఇంటికి ముగ్గు పోసేటప్పుడు తాడుకు ముడులు వేసి ఒకవైపు మూడు, ఇంకోవైపు నాలుగు, ఏటవాలుగా అయిదు పెట్టి మూల కలిపేవాడు. పైథాగరస్ పేరు ఆయన వినలేదు. ఇటుకల బండి వస్తే రెండు ఇటుకలు చేతుల్లోకి తీసుకుని ఒకదానికొకటి తట్టేవాడు. ఖంగుమంటే దించమనేవాడు, మొద్దుగా మోగితే బండివాడి మొహం చూసేవాడు. నీళ్ళ గొట్టంతో మట్టం చూడటంలో ఆయనకున్న ఓపిక నాకు ఈనాటికీ లేదు. గొట్టంలో చిన్న గాలిబుడగ ఉన్నా పట్టేసేవాడు.

స్లాబ్ రోజు ఆయన్ను చూడాలి. అప్పట్లో పంపులు లేవు, రెడీమిక్స్ లేదు. మిక్సర్ మిల్లర్ తెల్లవారుజామునే వచ్చేది. ఇంటివాళ్ళు కొబ్బరికాయ కొట్టాక మిల్లర్ తిరగడం మొదలైతే చీకటి పడేదాకా ఆగేది కాదు. మెట్ల మీద వరసగా నిలబడ్డ ఆడవాళ్ళ చేతుల్లో నుంచి కాంక్రీటు తట్టలు పైకి పోతూ, ఖాళీ తట్టలు కిందికి జారుతూ ఉండేవి. మధ్యాహ్నం భోజనం ఇంటివాళ్ళదే. అంత హడావిడిలో తాత నన్ను పిలిచి బాల్కనీ దగ్గర నిలబెట్టేవాడు. "సారూ, నువ్వు ఈడికెల్లి కదలకు. తొక్కుతరు" అనేవాడు.

ఎందుకో చెప్తాను. గదిమీది స్లాబులో నాలుగు దిక్కులా గోడో, బీమో ఆధారం ఉంటుంది. బరువు పడితే నడిమధ్య కిందికి వంగి అడుగుభాగం సాగుతుంది. అందుకని అక్కడ సలాక అడుగున పెడతాం. బాల్కనీ, సజ్జ అట్లా కావు. ఒకవైపే పట్టు ఉండి గాలిలోకి చాచుకుని ఉంటాయి. వాటి పైభాగం సాగుతుంది. సలాక పైన ఉండాలి. డ్రాయింగ్‌లో నేను పైనే గీస్తాను, రాడ్ బెండింగ్ చేసేవాళ్ళు పైనే కడతారు. స్లాబ్ పోసేటప్పుడు తట్టలు మోసేవాళ్ళు దాని మీదనే నడుస్తారు. 8 ఎం.ఎం. సలాక ఒక మనిషి బరువుకే వంగి అడుగుకు పోతుంది. మీద కాంక్రీటు పడ్డాక అది పైన ఉందో కింద ఉందో ఇక ఎవరికీ కనబడదు. చెక్కలు విప్పినరోజు బాల్కనీ గోడ వెంబడి చీలినప్పుడే తెలుస్తుంది. లేదా ఏ పెళ్ళి ఊరేగింపు చూడటానికో పదిమంది దాని మీద నిలబడినప్పుడు తెలుస్తుంది.

పై సలాకను ఎత్తిపట్టడానికి సలాకతోనే వంచిన చైర్లు దగ్గరదగ్గరగా పెట్టించి, నడవడానికి చెక్కలు వేయించి, ఎవరి కాలు పడినా తాత ఇనుప కొక్కెంతో సలాకను మళ్ళీ పైకి లాగి కట్టేవాడు. ఆ భాగం పోసేదాకా మిల్లర్ దగ్గరికి కూడా పోయేవాడు కాదు. నేను నేర్చుకున్న థియరీ అంతా ఆయన కాళ్ళకూ చేతులకూ ముందే తెలుసు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. స్లాబ్ రోజు నేను ఇప్పటికీ ముందు బాల్కనీ దగ్గరికే పోతాను.

నీళ్ళ విషయంలో మాత్రం తాతతో కూడా వాదించాల్సి వచ్చేది. కాంక్రీటు పలచగా ఉంటే పరచడం తేలిక. అందరూ మిల్లర్‌లో ఇంకో బకెట్ పోస్తారు. ఎం20 రకం కాంక్రీటుకు 50 కిలోల సిమెంటు బస్తాకు 30 లీటర్లు మించకూడదని కోడ్ చెబుతుంది. ఎక్కువైన నీళ్ళు ఆవిరై పోతే లోపల సన్నని ఖాళీలు మిగులుతాయి, బలం పడిపోతుంది. ఇసుక తడిగా ఉంటే దానిలోని నీళ్ళు కూడా లెక్కే. నేను బకెట్ మీద పెయింటుతో గీత గీసి మిల్లర్ నడిపే అతని చేతికిచ్చేవాడిని. స్లాబ్ అయ్యాక మళ్ళీ నీళ్ళ గొడవే, ఈసారి తిరగేసి. తక్కువ పోస్తారు. మా ఓరుగల్లు మే నెల ఎండలో కనీసం 10 రోజులు తడి ఆరకూడదు. స్లాబ్ మీద మట్టితో మడులు కట్టించి నింపమనేవాడిని. వరిమడికి నీళ్ళు పెట్టిన చేతులు కాబట్టి ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళకు ఆ పని ఒక్కసారి చెబితే చాలు. టౌన్‌లో పుట్టిపెరిగినవాళ్ళకే రోజూ ఫోన్ చేయాల్సి వచ్చేది.

రేగడి గురించి నాలుగు మాటలు. ఎండాకాలంలో మా పరకాల భూముల్లో చెయ్యి పట్టేంత పగుళ్ళు పడతాయి, వాన పడితే ఉబ్బి కలుసుకుంటాయి. ఏటా లేచి కూర్చునే ఆ నేల మీద పునాది వేస్తే ఇల్లు కూడా దానితోపాటు లేచి కూర్చుంటుంది. తలుపులు పట్టేస్తాయి, కిటికీ మూలల నుంచి ఏటవాలు పగుళ్ళు పోతాయి. మొరం తగిలేదాకా తవ్వాలి, లేకపోతే అడుగున బల్బులా వెడల్పు చేసిన అండర్ రీమ్డ్ పైల్స్ అనే కాంక్రీటు స్తంభాలు వేసి నేల కదలని లోతు దాకా దిగాలి. "మా తాత కట్టిన ఇల్లు లేదా సారూ, గిట్ల తవ్విండా?" అని అడిగేవారు. తాతల ఇల్లు మట్టిగోడ. కొంచెం కదిలినా తట్టుకుంటుంది, పగిలితే దసరాకు ముందు మెత్తి అలుకుతారు. కాంక్రీటుకు ఆ వెసులుబాటు లేదు. ఈ మాట చెబితే రైతులు వెంటనే ఒప్పుకునేవారు. రేగడి గుణం వాళ్ళకు చెప్పేదేముంది.

సంతకం పెట్టనన్న రోజులూ ఉన్నాయి. ఒకటి ఇప్పటికీ మనసులో ఉంది. రెండంతస్తులకు వేసిన పునాది మీద ఇంకో రెండు వేద్దామని ఒకాయన వచ్చాడు. బాగా తెలిసిన కుటుంబం, మా పెళ్ళికి వచ్చినవాళ్ళు. పిల్లర్లు చూశాను, పాత డ్రాయింగులు చూశాను, మట్టి బలం చూసి లెక్క కట్టాను. ఆగదు. ఎంత చెప్పినా, "అందరు వేస్తలేరా? మా ఇంటికే అన్ని రూల్సా?" అన్నారు. ఫీజు రెట్టింపు ఇస్తామన్నారు. ఇంటికి ఆడవాళ్ళను పంపి మా ఆవిడతో చెప్పించబోయారు. ఆమె, "ఆయన లెక్క నాకు తెలువది వదినా, గని ఆయన వద్దన్నడంటే వద్దనే" అని చాయ్ ఇచ్చి పంపించింది. వాళ్ళకు ఇంకెవరి సంతకమో దొరికింది. రాకపోకలు తెగిపోయాయి.

ఆ ఇల్లు ఇప్పటికీ నిలబడే ఉంది. అది చూపించి నాకు పాఠం చెప్పినవాళ్ళున్నారు. డిజైన్‌లో వచ్చే బరువును ఒకటిన్నర రెట్లు చేసి లెక్కిస్తాం. కాంక్రీటు బలాన్ని 1.5తో, సలాక బలాన్ని 1.15తో భాగించి తక్కువగా లెక్కపెడతాం. ఇదంతా కష్టకాలానికి దాచిపెట్టిన వాటా. ఇసుకలో మట్టి కలిసిన రోజుకు, క్యూరింగ్ (నీళ్ళతో తడిపి ఉంచడం) సరిగ్గా జరగని స్లాబుకు, భూమి కదిలిన రోజుకు. ఆ ఇంట్లోవాళ్ళు ఆ వాటాను మామూలు రోజుల్లోనే వాడేసుకుంటున్నారు. ఆ వీధిలో పోతుంటే నా కళ్ళు వాటంతటవే కింది పిల్లర్ల మీదికి పోతాయి. ఆ ఇంట్లో పిల్లలున్నారు. ఏమీ కాకూడదనే మొక్కుకుంటాను.

భూమి కదలడం మా వైపు ఎవరికీ పట్టేది కాదు. 1969లో భద్రాచలం దగ్గర భూకంపం వచ్చిందని పెద్దవాళ్ళు చెప్పేవారు. 1993లో లాతూరు మట్టి, రాతి ఇళ్ళ కింద వేలమంది పోయారు. 2001 జనవరి 26న భుజ్ తర్వాత టీవీలో కూలిన అపార్టుమెంట్లు చూసినప్పుడు నాకు నిద్ర పట్టలేదు. అవి కాంక్రీటు బిల్డింగులే. మాలాంటి ఇంజినీర్లే గీసినవి. పిల్లర్లో నిలువు సలాకలను చుట్టి కట్టే రింగులుంటాయి కదా, వాటి కొసలను 135 డిగ్రీలు వంచి పిల్లర్ లోపలికి దూర్చాలి. మా దగ్గర 90 డిగ్రీలకే వంచి వదిలేసేవారు. ఊపు వచ్చినప్పుడు పైకాంక్రీటు రాలిపోతే ఆ కొసలు విచ్చుకుంటాయి, రింగు విడిపోతుంది, నిలువు సలాకలు బయటికి ఉబ్బుతాయి, పిల్లర్ కూర్చుండిపోతుంది.

ఆ తర్వాత నా సైట్లలో రింగు కొక్కెం దగ్గర రాజీ పడలేదు. రాడ్ బెండింగ్ కుర్రాళ్ళు మొదట్లో గొణిగేవారు, ఒక్కో రింగుకు టైము పెరుగుతుంది, వాళ్ళది గుత్త పని. ఆ ఆలస్యానికి కూలీ కలిపి ఇవ్వమని ఇంటివాళ్ళను ఒప్పించాను. ఒక ఇంటికి అయ్యే ఆ అదనపు ఖర్చు గృహప్రవేశం రోజు పెట్టే స్వీట్ల ఖర్చు కూడా కాదు. వాళ్ళకు అట్లాగే చెప్పేవాడిని.

మా పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు సెలవు దొరికితే రామప్పకు తీసుకుపోయేవాడిని. వాళ్ళు నల్లరాతి మదనికల చుట్టూ తిరిగేవారు, నేను లోపలి నేలను చూసేవాడిని. అలలు తేలినట్టు అక్కడక్కడ కుంగి ఉంటుంది. 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి. అడుగున ఇసుక నింపిన పునాది, పైన నీళ్ళల్లో తేలేంత తేలికైన ఇటుకలతో గోపురం. పై బరువు తగ్గించాలన్న ఆలోచన ఎంత గొప్పదో బరువులు లెక్కకట్టే వృత్తిలో ఉన్నవాడికి బాగా తెలుస్తుంది. 2021 జులైలో యునెస్కో గుర్తింపు వచ్చినరోజు మా ఆఫీసులో అందరికీ మిఠాయి పంచాను. వేయిస్తంభాల గుడిలో కల్యాణ మండపం రాళ్ళకు నంబర్లు వేసి విప్పి, పునాది నుంచి మళ్ళీ నిలబెట్టడం ఏళ్ళ తరబడి సాగింది. 2024 మార్చిలో తెరిచారు. ఆ పని జరుగుతున్నన్నాళ్ళూ అటువైపు పోయినప్పుడల్లా ఆగి చూసేవాడిని. అక్కడ ఉలి పట్టుకున్న శిల్పుల పేర్లు నాకు ఎక్కడా కనబడలేదు. రాయాలని నాకుంది.

కంప్యూటర్ వచ్చింది, ఆటోక్యాడ్ నేర్చుకున్నాను, డ్రాఫ్టర్ అటక మీదికి పోయింది. అందులో చెప్పుకోవాల్సిందేమీ లేదు. పని తొందరగా అవుతోంది, మంచిదే. 2020 నవంబరులో ఆన్‌లైన్‌లో ఇళ్ళకు అనుమతులిచ్చే టీఎస్ బీపాస్ వచ్చాక పర్మిషన్ల తీరే మారింది. 75 గజాల లోపు స్థలంలో చిన్న ఇంటికి పర్మిషనే అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలన్నారు. 600 గజాల దాకా, 10 మీటర్ల ఎత్తు లోపు అయితే స్వీయ ధ్రువీకరణతో ఆన్‌లైన్‌లో వెంటనే అనుమతి. ఆఫీసుల చుట్టూ తిరిగిన జనానికి ఎంతో మేలు. కానీ ముందొచ్చి చూసే కళ్ళు తగ్గాయి కాబట్టి, ఇంటివాళ్ళ మాట మీద, మా సంతకం మీద బరువు పెరిగింది. ఇప్పటి లైసెన్సు కుర్రాళ్ళు కొందరు సైట్ ముఖం చూడకుండా లాప్‌టాప్‌లోనే అప్‌లోడ్ చేసి ఫీజు తీసుకుంటున్నారని విన్నప్పుడు గుండె కలుక్కుమంటుంది.

2024 డిసెంబరు 4 పొద్దున, ఏడున్నర కాలేదు, ఇంట్లో అల్మారాలోని స్టీలు గ్లాసులు గలగలమన్నాయి. కుర్చీ కదిలినట్టయింది. ములుగు కేంద్రంగా 5.3 తీవ్రతతో భూకంపం. కొన్ని క్షణాలే. ఇల్లంతా బయటికొచ్చాం. ఆ వెంటనే ఫోన్లు మొదలయ్యాయి. ఎప్పుడో పాతికేళ్ళ కింద ఇల్లు కట్టించుకున్నవాళ్ళు, పేరు కూడా మరిచిపోయినవాళ్ళు. "సార్, ఇల్లు ఊగింది. మా ఇంటికేం కాదు కదా?" అని ఒకటే టెన్షన్. మా అక్క మనవడిని బండి తీయమన్నాను. ఆ రోజూ, తర్వాత కొన్ని రోజులూ ఇళ్ళు చూడటమే పని.

ఒక రిటైర్డ్ టీచరమ్మ ఇంట్లో పిల్లర్ పక్క నుంచి నిట్టనిలువుగా వెంట్రుకవాసి చీలిక. ఆవిడ రాత్రి పడుకోలేదట, వాకిట్లో కుర్చీలోనే కూర్చున్నారట. మనవడితో చీలిక మీద ప్లాస్టర్ జాగ్రత్తగా కొట్టించాను. వెనక ఇటుక గోడ, కాంక్రీటు పిల్లర్ కలిసేచోటు అది. రెండూ రెండు రకాల పదార్థాలు, ఎండకు వేరువేరుగా సాగుతాయి. ప్లాస్టర్ మాత్రమే చీలింది. పిల్లర్ మీద గీత కూడా లేదు. కోడిమెష్ (సన్నని ఇనుప జాలి) కొట్టి మళ్ళీ ప్లాస్టర్ చేయించమని చెప్పాను. పిల్లర్ మీద ఏటవాలుగా పగులు పోయినా, బీము పిల్లర్ కలిసేచోట పెచ్చు ఊడినా నాకు వెంటనే చెప్పమని, ఆ రెండు చోట్లూ చేత్తో తాకి చూపించాను. ఆవిడ ఆ చోట్లను తను కూడా తాకి చూసి, "ఈ పిల్లర్లలో సలాకలు కట్టేటప్పుడు మీరు రింగులు విప్పించి మళ్ళీ కట్టించిన్రు, యాదికుందా? మా సారు అప్పుడు మీ మీద కోపం చేసిన్రు" అన్నారు.

నాకు గుర్తు లేదు. తిరిగి వస్తుంటే బండి మీద వాడు అడిగాడు, "రింగులు ఎందుకు విప్పించినవు తాతా?" అని. మరునాడు హసన్‌పర్తి సైట్‌లో పునాది ఫుటింగ్ సలాకలు కట్టే పని ఉంది. పొద్దున ఆరింటికల్లా రమ్మన్నాను, అక్కడ చేత్తో పట్టుకుని చూపిస్తానని.